వాకిట్లో వెలసిన బడి



అంగన్‌వాడీ అనే మాట మనకేమీ కొత్తది కాదు. పోలియో చుక్కల రోజున వీధి మొగలో బల్ల వేసుకుని కూర్చునేది అంగన్‌వాడీ ఆవిడే. "అంగన్‌వాడీలో గుడ్లిచ్చారమ్మా, అందుకే ఆలస్యమైంది" అని పనిమనిషి చెబితే విని ఊరుకుంటాం. అంతేగాని ఆ మాటకు అర్థమేమిటి, అది ఎక్కడ పుట్టింది, ఎవరు పుట్టించారు అని ఎప్పుడైనా ఆలోచించామా? అంగన్ అంటే ముంగిలి. మన అంగణం, ప్రాంగణం అన్న మాటలకు చుట్టమే. వాడీ అంటే మరాఠీ వాళ్ళ భాషలో తోట. ముంగిట్లో తోట అన్నమాట! ఎంత ముచ్చటైన పేరో చూడండి. ఈ పేరు పెట్టింది ఏ సర్కారు కచేరీయో కాదు, ఒక ఆడమనిషి.

ఈ ముంగిటి తోట కథ ఈ రోజు మీకు చెప్పాలని ఉంది. కథ అంటే కట్టుకథ కాదు, చరిత్రే. మన చరిత్ర పుస్తకాల్లో రాజులకూ యుద్ధాలకూ దొరికినంత చోటు పసిపిల్లల పెంపకానికి దొరకలేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

తారాబాయి మోదక్ 1892లో బొంబాయిలో పుట్టారు. ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటేనే అబ్బురపడే రోజుల్లో పట్టభద్రురాలై, రాజ్‌కోట్‌లో ఆడపిల్లల కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. అప్పట్లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన ఉండేవారు. వకీలు పని చేసుకుంటున్న ఆ పెద్దమనిషి పిల్లల చదువుల మీద మనసుపడి, వకాల్తా వదిలి, 1920లో బాలమందిరం తెరిచారు. బెత్తం లేని బడి, పాటలూ ఆటలూ కథలూ ఉన్న బడి. తారాబాయి మంచి ఉద్యోగం వదులుకుని ఆయనతో చేతులు కలిపారు. 1926లో పసిపిల్లల చదువుకోసం ఒక సంఘమే వెలిసింది.

అంతా బాగానే ఉంది. కాని తారాబాయి మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. బాలమందిరానికి వస్తున్నది ఎవరి పిల్లలు? పట్టణాల్లో కలిగినవారి పిల్లలు. మాంటిస్సోరీ పద్ధతికి కావలసిన చెక్క సామాను ఖరీదు చూస్తే పల్లెటూరి పంచాయతీ తల తాకట్టు పెట్టినా కొనలేదు. అందుకని 1945లో ఆవిడ సముద్రపు ఒడ్డునున్న బోర్డీ అనే పల్లెకు వెళ్ళి బాలవాడి పెట్టారు. చెక్క సామానుకు బదులు గవ్వలు, గులకరాళ్ళు, ఆకులు, గింజలు పోగుచేశారు. లెక్కలకు గింజలు, రంగులకు ఆకులు, వరుసలకు గవ్వలు. మన పెరట్లో దొరికే వస్తువులతోనే బడి నడిచింది.

బడి అయితే నడిచింది గాని, ఊరి చివరి వాడల పిల్లలు రాలేదు. కొందరిని రానివ్వలేదు, కొందరికి వచ్చే ధైర్యం లేదు. పెద్ద పిల్ల చంకలో చంటివాణ్ణి వేసుకుని ఇల్లు కాపలా కాస్తుంటే బడికెట్లా వస్తుంది? మీరైతే ఏం చేస్తారు? "పిలిచాం, రాలేదు, వాళ్ళ ఖర్మ" అనుకుంటారా? తారాబాయి అట్లా అనుకోలేదు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలన్నారు. వాడలోకి వెళ్ళి, ఏదో ఒక ఇంటి ముంగిలి ఊడ్చి, అక్కడే చాప పరిచారు. ముందు పిల్లల మొహాలు కడగడం, గోళ్ళు తీయడం, తల దువ్వడం. తర్వాతే పాటలూ ఆటలూ. తల్లులు గుమ్మాల్లో నిలబడి చూస్తూ చూస్తూ తామూ నేర్చుకునేవారు. అదీ అంగన్‌వాడీ పుట్టుక.

ఈ పనిలో ఆవిడకు కుడిభుజం అనూతాయి వాఘ్. పదమూడో ఏట పెళ్ళయి, ఆరు నెలలు తిరక్కుండానే వితంతువైన అమ్మాయి ఈవిడ. పుట్టింట్లో ఒక మూల కూర్చోబెట్టాలనుకున్న లోకాన్ని కాదని చదువుకుని, 1945లో తారాబాయి దగ్గరికి వచ్చి, తుదిదాకా ఆ పనిలోనే ఉండిపోయారు. 1957లో వీరి కేంద్రం కోస్‌బాడ్ కొండకు, వార్లీ గిరిజనుల నడుమకు మారింది. అక్కడి పిల్లలు పశువులను మేపుకుంటూ తిరుగుతారు కాబట్టి పచ్చికబయలులోనే బడి పెట్టారు. తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనూతాయికి 1984లో పద్మశ్రీ వచ్చాయి.

మహారాష్ట్రలో ఇట్లా జరుగుతుండగా మన తెలుగు ఆడపడుచు ఒకావిడ ఢిల్లీలో కూర్చుని ఇంచుమించు ఇదే ఆలోచన చేస్తున్నారు. ఆవిడెవరో మీకు చెప్పక్కర్లేదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగానే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడు నుంచి కొన్ని కొన్ని పల్లెలను ఒక గుంపుగా చేర్చి, అక్కడ బాలవాడి, కాన్పు సాయం, ఆడవాళ్ళకు చదువు, చేతిపని అన్నీ ఒకే గొడుగు కింద పెట్టే పథకం మొదలైంది. ఆ పనిని నడిపించే సంఘాల్లో జీతం తీసుకోకుండా పనిచేసే గృహిణులకు పెద్దపీట వేశారు. అంటే మనలాంటివాళ్ళకే సుమా! ఇంటి పని ముగించుకుని మధ్యాహ్నం పూట బాలవాడికి వెళ్ళి లెక్కలు చూసిన అమ్మలూ అత్తలూ ఆ రోజుల్లో ఎందరో.

ఇక వైద్యుల సంగతికి వద్దాం. పిల్లలకు ఆటపాటలు నేర్పితే సరిపోదు కదా, కడుపులో పడాలి, కళ్ళు కనపడాలి. మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడే చాలా మేలు చేసింది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. డాక్టర్ సి. గోపాలన్ దీనికి డైరెక్టరుగా ఉన్న కాలంలో రేచీకటి మీద గట్టి కృషి జరిగింది. ఏ విటమిను చాలక పసిపిల్లల కళ్ళు పోతుండేవి. ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల ఏ విటమిను నోట్లో పోస్తే చాలు, కన్ను నిలుస్తుందని తేల్చారు. 1970లో అది దేశమంతటికీ కార్యక్రమమైంది.

ఈ సంస్థ పేరుమీదే హైదరాబాద్ మిక్స్ అనే పిండి కూడా ఉంది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుశనగ పప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. అంతే! 86 గ్రాముల ఈ పిండిలో 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. ఇందులో అంగట్లో డబ్బాలో కొనవలసింది ఒక్కటీ లేదు. మన అమ్మమ్మలు చేసిన చలిమిడికి ఇది తోబుట్టువే.

అయితే అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. మందు ఉంది, పిండి ఉంది. ఆరు నెలలకొకసారి ఆ చుక్కలు ఊరూరా ప్రతి పిల్ల నోట్లో పోసేదెవరు? పిండి ఎట్లా కలపాలో తల్లికి చెప్పేదెవరు? డాక్టరు పట్నంలో ఉంటాడు. నర్సుకు ఒక్కతెకు బోలెడు ఊళ్ళు. తల్లి పొలంలో ఉంటుంది. ఈ ముగ్గురి మధ్యా ఉన్న ఎడం పూడ్చేదెవరు?

జవాబు మహారాష్ట్రలోనే జామ్‌ఖేడ్ అనే కరువు ప్రాంతంలో దొరికింది. రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే డాక్టరు దంపతులు, వెల్లూరులో చదువుకున్నవారు, 1970లో అక్కడికి వెళ్ళారు. అక్కడ అప్పట్లో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో 176 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. దంపతులు మొదట చదువుకున్న నర్సులను పల్లెలకు పంపించి చూశారు. పరాయి ఊరి పిల్ల, ఒంటరిగా ఉండలేదు. ఊరివాళ్ళకూ ఆవిడ మాట నచ్చదు. చివరికి ఊళ్ళలోనే, ఆ ఊళ్ళవాళ్ళే ఎంచిన ఆడవాళ్ళను తీసుకున్నారు. చాలామంది నిరక్షరాస్యులు, అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులాలవాళ్ళు కొందరు. వీళ్ళు వారానికొకసారి జామ్‌ఖేడ్‌కు వచ్చి, నేర్చుకున్నది ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పేవారు. విరేచనాలైతే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టమనడం, కాన్పుకు శుభ్రమైన బ్లేడు, దారం సిద్ధం చేయడం, ముర్రుపాలు పారబొయ్యవద్దనడం, పిల్ల బరువు చూడడం. ఇవీ వాళ్ళ మందులు!

డాక్టరు చెబితే తలూపి మరిచిపోయే తల్లి, పక్కింటావిడ చెబితే ఎందుకు వింది? ఆవిడ కూడా అదే బావి నీళ్ళు తాగుతుంది కాబట్టి. ఆవిడ బిడ్డ ఎట్లా బతికిందో కళ్ళారా చూసింది కాబట్టి. 1990ల నాటికి అక్కడ శిశుమరణాలు వెయ్యికి 30 లోపుకు దిగాయి. 1979లోనే ఆ దంపతులకు మెగసెసే బహుమతి వచ్చింది.

ఈ దారులన్నీ ఒకచోట కలిసిన రోజు 1975 అక్టోబరు 2. అంతకు ముందు ఏడాది, 1974లో, దేశంలో బాలల జాతీయ విధానం వచ్చింది. దాని వెంటే గాంధీ జయంతి నాడు 33 ప్రాంతాల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. తారాబాయి పెట్టిన అంగన్‌వాడీ పేరు దేశమంతటా ప్రతి కేంద్రానికీ పేరైపోయింది. ఇందులో ఆరు సేవలు. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, బడికి ముందు చదువు, తల్లులకు ఆరోగ్య బోధ. బాగా గమనించండి. ఈ ఆరింటిలో టీకాలు, పరీక్ష, ఆసుపత్రి ఈ మూడూ ఆరోగ్య శాఖవి. మిగతావి శిశు సంక్షేమ శాఖవి. రెండు శాఖలు కలిస్తేగాని ఒక పిల్ల పెరగదు. ఆ రెండింటికీ వియ్యం కుదిర్చి, నెలనెలా ఆ వియ్యాన్ని నిలబెట్టే పని మాత్రం ఒక్క మనిషి నెత్తిన పెట్టారు. ఆవిడే అంగన్‌వాడీ కార్యకర్త.

ఆవిడ గోడకు తగిలించిన త్రాసులో పిల్లను కూర్చోబెట్టి బరువు తూస్తుంది. కార్డులో ఒక చుక్క పెడుతుంది. వచ్చే నెల ఇంకో చుక్క. రెండు చుక్కలూ కలిపితే గీత. గీత పైకి పోతుంటే పిల్ల పెరుగుతున్నట్టు. గీత పడుకుందంటే, పిల్ల నవ్వుతూ ఆడుతున్నా సరే, ఏదో తేడా వచ్చిందన్నమాట. తల్లి కంటికి కనపడని లోపాన్ని రెండు నెలల ముందే ఆ గీత చెబుతుంది. "తూకం వేస్తే దిష్టి తగులుతుంది" అనే అమ్మలను ఒప్పించి ఆ గీత గీయించడం ఎంత నేర్పుతో కూడిన పనో మీరే ఆలోచించండి.

ఇంతా చేస్తే ఫలితం ఉందా అని అడగవచ్చు. మన హైదరాబాదు పక్క పల్లెల్లోనే సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 వరకు 15 పల్లెల్లో చూలింతలకూ, పసిపిల్లలకూ ఈ పథకం కింద ఆహారం అందింది. దగ్గర్లోని మరో 14 పల్లెలకు అప్పటికింకా పథకం రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళయ్యాక 1165 మందిని మళ్ళీ పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ముందు ముందు చక్కెర జబ్బుకూ, గుండె జబ్బుకూ దారితీసే సూచనలు వాళ్ళలో తక్కువగా కనిపించాయి. చిన్నప్పుడు తిన్న పిడికెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళాల్లో కనపడిందంటే ఆశ్చర్యం కాదూ!

అయితే అన్నం ఒక్కటే చాలదని కూడా తెలుసుకోవాలి. ఇందుకు మంచి ఉదాహరణ కావాలంటే సముద్రాలు దాటి జమైకా ద్వీపానికి పోవాలి. 1980లలో అక్కడి కింగ్‌స్టన్ నగరపు పేటల్లో, సరిగా ఎదగని 129 మంది పసివాళ్ళను సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే డాక్టరు బృందం ఎంచుకుంది. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్ళకు పేటలోని ఆరోగ్య కార్యకర్త వారానికొకసారి వెళ్ళి, పాత డబ్బాలూ గుడ్డముక్కలతో చేసిన బొమ్మలతో తల్లిచేతే పిల్లను ఆడించి, మాట్లాడించి వచ్చేది. కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. రెండేళ్ళే ఈ ఏర్పాటు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆట నేర్పించిన పిల్లలు పెద్దయి, మిగతావారికన్నా పాతిక శాతం ఎక్కువ సంపాదిస్తున్నారట. చందమామను చూపిస్తూ, కబుర్లు చెబుతూ గోరుముద్దలు పెట్టిన మన పెద్దలు ఈ శాస్త్రం చదివారా? చదవకుండానే అన్నాన్నీ మాటనీ కలిపి పెట్టారు.

మన పథకంలో లోటు కూడా ఇక్కడే కనిపించింది. మూడేళ్ళు దాటినవాడు తానే నడిచి కేంద్రానికి వస్తాడు. మెదడు ఎంతో వేగంగా ఎదిగే మొదటి రెండేళ్ళ పసివాడు నడిచి రాలేడు. వాడి దగ్గరికి కార్యకర్తే వెళ్ళాలి. తారాబాయి చెప్పిన మాటే మళ్ళీ! కాని కేంద్రం తెరవాలి, వంట చూడాలి, రిజిస్టర్లు రాయాలి, సర్వేలు చేయాలి, ఇక ఇంటింటికీ తిరిగే పొద్దు ఎక్కడిది? 2005 తర్వాత ఆశా కార్యకర్తలు తోడు వచ్చారు. 2001లోనూ, 2006లోనూ సుప్రీంకోర్టు ప్రతి వాడకూ కేంద్రం ఉండి తీరాలని ఆదేశించింది. 33 ప్రాంతాలతో మొదలైన పథకంలో ఈనాడు దేశమంతటా సుమారు 14 లక్షల కేంద్రాలున్నాయి.

ఇంత పని చేసే మనిషికి మనం ఇచ్చేదేమిటి? మీకు చెప్పదలచిన అసలు మాట ఇదే. మొదటి రోజునుంచీ ఆవిడను ఉద్యోగిని అనలేదు, గౌరవ కార్యకర్త అన్నారు. జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. 2018లో కేంద్రం తన లెక్కన కార్యకర్త వేతనాన్ని నెలకు 3000 నుంచి 4500 రూపాయలకూ, ఆయా వేతనాన్ని 1500 నుంచి 2250కీ పెంచింది. దానిమీద రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్ళకూ గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అంటే పథకం పుట్టిన 46 ఏళ్ళు దాటాక! ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి వీళ్ళు 42 రోజులు సమ్మె చేశారు. అప్పుడు ప్రభుత్వం వాళ్ళ సేవ అత్యవసరమని చట్టం ప్రయోగించింది. పని మానడానికి వీల్లేనంత అత్యవసరమైన సేవ, వేతనం దగ్గరికి వచ్చేసరికి గౌరవ సేవ ఎట్లా అవుతుందో నాకు బోధపడదు. మీకు బోధపడిందా?

ఈ మాట మనకు బాగా తెలిసిన బాధే. ఇంట్లో తెల్లవారుజామునుంచి అర్ధరాత్రిదాకా మనం చేసే పనిని "అమ్మ ఖాళీగానే ఉంటుంది" అనే లోకం, అదే పనిని ఊరందరి పిల్లలకూ చేసే ఆడదాన్ని కూడా అదే కంటితో చూసింది. పిల్లల్ని సాకడం ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే గుణమట, దానికి వేతనమేమిటట! జామ్‌ఖేడ్ ఆడవాళ్ళు వారం వారం నేర్చుకున్నారు. అనూతాయి బతుకంతా నేర్చుకుంటూనే ఉన్నారు. గీత గీయడం, గీత చదవడం, భయపడే తల్లిని ఒప్పించడం విద్యలు. విద్యకు వెల ఉంటుంది.

మరి పట్నంలో ఉండే మనం ఏం చేయగలం? మీ పేటలో అంగన్‌వాడీ ఎక్కడుందో ముందు కనుక్కోండి. చాలాచోట్ల అద్దె గది, గాలీ వెలుతురూ లేని గది. కాలనీ సంఘం హాలు వారమంతా తాళం వేసే ఉంటుంది. పొద్దుటి పూట దాన్ని పసిపిల్లలకు ఇస్తే పోయేదేమీ లేదు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి గర్భవతి అయితే కేంద్రంలో పేరు రాయించిందో లేదో అడగండి. టీకా రోజున జీతం కోయకుండా ఒక పూట సెలవివ్వండి. ఖాళీ డబ్బాలు, రంగు గుడ్డలు, పాత బొమ్మల పుస్తకాలు పారెయ్యకండి. మీకు కథలు చెప్పడం వస్తే వారానికో గంట వెళ్ళి చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కార్యకర్తను "ఏమ్మా, గుడ్లెప్పుడిస్తావు" అని కాకుండా, "టీచర్‌గారూ" అని పిలవండి. వేతనం కోసం ఆవిడ రోడ్డెక్కిన నాడు "పిల్లల్ని వదిలేసి ఈ గోలేమిటి" అని మాత్రం అనకండి.

డాక్టరు దగ్గర మందుంది, సర్కారు దగ్గర గింజలున్నాయి, తల్లి ఒడిలో బిడ్డ ఉంది. ఈ మూడింటినీ కలిపే మనిషి మన వీధిలోనే ఉంది. ఆవిడ వాకిట్లో చాప పరిచి కూర్చుంది. ఆ చాప మీద మనకూ కాస్త చోటుంది.